సీజీపీఏ లేని జానీ లీవర్

పోయిన సెమిస్టర్ మన క్లబ్ మీటింగ్‌లో నేనొక సమీక్ష చదివినా. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పేరు "జానీ లీవర్ హాస్యం: ఒక విమర్శనాత్మక పరిశీలన". ఇస్త్రీ చేసిన ఫుల్ హ్యాండ్స్ షర్టు వేసుకొని, కాగితంలోంచి తల ఎత్తకుండా, ఒక్కసారి కూడా నవ్వకుండా చదివినా. మొదటి రెండు నిమిషాలు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఫస్టియర్ వాళ్లు ఇద్దరు నోట్సు కూడా రాసుకున్నారు. మూడో నిమిషంలో వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత హాలు మొత్తం నవ్వింది.

అదే కాగితాన్ని సంక్రాంతి సెలవుల్లో మా ఊరు దేవనకొండకి తీసుకుపోయి, మా పెద్దనాయన ముందర చదివినా. ఆయన నవ్వలేదు. నవ్వకపోతే పోనీ, బాధపడినాడు. ఒకే కాగితం, ఒకే గొంతు, ఒకే మొహం. కాలేజీలో జోకు, ఇంట్లో అవమానం. ఇది ఎట్ల జరిగిందో తెలుసుకోవాలని రెండు నెలలు దొరికింది దొరికినట్టు చదివినా. ఈ వ్యాసం అదే.

ముందు ఆ సమీక్షలో నాలుగు ముక్కలు చదవండి. మీటింగ్‌కి రానివాళ్ల కోసం.

"నిర్మాణ లోపం: శ్రీ జానీ లీవర్ గారు ఒక వాక్యం చెప్పగానే ప్రేక్షకులు నవ్వుతున్నారు. ఆ నవ్వు వల్ల తర్వాతి వాక్యం వినపడటం లేదు. ఇన్నేళ్ల అనుభవంలో కళాకారుడు ఈ సమస్యను గుర్తించినట్టు కనపడదు.

వనరుల దుర్వినియోగం: ముఖంలో ఉన్న కండరాలన్నిటినీ ఒకే డైలాగుకి వాడేస్తున్నారు. బ్యాకప్ ఏమీ మిగలడం లేదు.

ప్లేజియరిజం: గొంతులన్నీ ఇతరులవే. సిమిలారిటీ శాతం మన ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టుల స్థాయికి చేరుకుంది.

అర్హత: అభ్యర్థి ఏడో తరగతి తర్వాత బడి మానేశారు. సీజీపీఏ లేదు. బ్యాక్‌లాగుల వివరాలు సమర్పించలేదు. కావున నవ్వించడానికి అనర్హుడు."

కాలేజీలో అన్నిటికంటే ఎక్కువ నవ్వు ఈ చివరి ముక్కకే వచ్చింది. పెద్దనాయన బాధపడింది కూడా సరిగ్గా ఇక్కడే.

దీన్ని ఇంగ్లీషులో డెడ్‌పాన్ అంటారు. పాన్ అంటే పెనం కాదు. వందేళ్ల కిందట అమెరికా వీధి భాషలో పాన్ అంటే మొహం. చచ్చిపోయిన మొహం పెట్టుకొని జోకు చెప్పడం అన్నమాట. మూకీ సినిమాల్లో బస్టర్ కీటన్ ఇట్లనే చేసేవాడు. ఇల్లు కూలి మీద పడుతున్నా ఆయన మొహంలో మార్పుండదు. మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే 'నువ్వు నేను' సినిమాలో లెక్చరర్‌గా ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారిని గుర్తు చేసుకోండి. ఆయన ఎప్పుడూ జోకు చెప్తున్నట్టు ఉండరు. ఏదో ముఖ్యమైన విషయం చెప్తున్నట్టు ఉంటారు.

డెడ్‌పాన్ పేరడీ అంటే ఇంకో మెట్టు. అక్కడ నవ్వకుండా ఉండటమే కాదు, ఇంకొకరి భాషని అరువు తెచ్చుకుంటాం. నా సమీక్షలో నేను తెచ్చుకున్నది విమర్శకుడి భాష, కొంచెం ప్లేస్‌మెంట్ సెల్ నోటీసు భాష. పైకి చూస్తే దెబ్బ జానీ లీవర్ మీద. అసలు దెబ్బ, నవ్వుని కొలబద్దతో కొలిచే ఆ విమర్శకుడి మీద. ఇంకొంచెం లోపలికి పోతే, ఆరు పాయింట్ ఐదు లేకపోతే మనిషే కాదన్నట్టు చూసే పద్ధతి మీద. అంటే మన మీదే.

ఇది మనకి కొత్త కాదని క్లబ్‌లో సీనియర్ అక్క ఒకామె చెప్పింది. అలంకార శాస్త్రంలో వ్యాజస్తుతి అని ఒకటి ఉంది. పైకి తిట్టు, లోపల పొగడ్త. లేదా పైకి పొగడ్త, లోపల తిట్టు. నేను పదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం, తెలుగు పరీక్ష రోజు మాత్రమే తెలుగువాణ్ణి. కాబట్టి ఈ ముక్క నాకు పందొమ్మిదో ఏట తెలిసింది.

అయితే ఒక తేడా. వ్యాజస్తుతి పద్యం చదివేవాడికి అది పద్యం అని ముందే తెలుసు, దాంట్లో మెలిక ఉంటుందని తెలుసు. నా కాగితానికి అట్లాంటి గుర్తేమీ లేదు.

జానీ లీవర్ గురించి తెలియని ఫస్టియర్ తమ్ముళ్ల కోసం రెండు మాటలు. ఆయన అసలు పేరు జాన్ ప్రకాశ్ రావు జనుముల. 1957లో పుట్టిన తెలుగాయన. పెరిగింది ముంబై ధారావి వైపు. ఇంట్లో డబ్బుల్లేక ఏడో తరగతితో బడి మానేసి, వీధుల్లో పెన్నులు అమ్మినాడు. ఊరికే అమ్మితే ఎవరు కొంటారు? హిందీ హీరోల గొంతులు అనుకరిస్తా, వాళ్ల మాదిరి ఆడతా అమ్మినాడు. తర్వాత వాళ్ల నాన్న పనిచేసే హిందుస్తాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే కార్మికుడిగా చేరినాడు. ఒకసారి కంపెనీ ఫంక్షన్‌లో పెద్దపెద్ద ఆఫీసర్లని అచ్చం వాళ్ల మాదిరే అనుకరించి చూపిస్తే, తోటి కార్మికులు పెట్టిన పేరే జానీ లీవర్. మన దేశంలో స్టాండప్ అనే మాట ఎవరికీ పట్టని రోజుల్లో, స్టేజీ మీద ఒక్కడే నిలబడి మైకు పట్టుకొని వేలమందిని నవ్వించిన మొదటివాళ్లలో ఒకడు. 'హసీ కే హంగామే' అని క్యాసెట్టు కూడా వచ్చింది. సినిమాల్లోకి వచ్చింది 1982లో, 'దర్ద్ కా రిష్తా'తో.

ఆ ఫ్యాక్టరీ ఫంక్షన్‌ని ఒక నిమిషం ఊహించుకోండి. కింద కూర్చున్న కార్మికులకి ఆ ఆఫీసర్ ఎట్ల నడుస్తాడో తెలుసు, ఎట్ల దగ్గుతాడో తెలుసు. రోజూ చూస్తారు, రోజూ భయపడతారు. స్టేజీ మీద ఉన్నవాడు తమలో ఒకడని కూడా తెలుసు. కాబట్టి "ఇది ఎవరి మీద జోకు" అని ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. ఇప్పుడు తిప్పి చూడండి. అదే ఫంక్షన్‌లో ఒక ఆఫీసర్ స్టేజీ ఎక్కి, మిషన్ దగ్గర కుంటుతా నడిచే కార్మికుణ్ణి అంతే బాగా అనుకరించినాడనుకుందాం. నటన అదే, నైపుణ్యం అదే. ఎవరైనా నవ్వుతారా? నవ్వినా, అది ఆఫీసర్ చూస్తున్నాడు కాబట్టి నవ్వే నవ్వు.

మా ఇంటి అరుగు మీద నేను అచ్చంగా ఆ ఆఫీసర్ పనే చేసినా. నాకు తెలీకుండా.

మా పెద్దనాయన ఐదో తరగతి. దేవనకొండ, ఆస్పరి, ఆలూరు వైపు వానలు పడని ఏడు ఏమవుతుందో ఆ పక్క వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్లకి చెప్తా. ఇంటికి తాళం వేసి, పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి, లేకపోతే వాళ్లనీ వెంటబెట్టుకొని, సుగ్గికి పోతారు. సుగ్గి అంటే మా వైపు వలస. గుంటూరు మిరప కోతలకి, బెంగళూరు కట్టడం పనులకి, హైదరాబాద్‌కి, బొంబాయికి. పెద్దనాయన పదహారేళ్లకి బొంబాయి పోయినాడు, ఇటుకలు మోసినాడు. అక్కడ టీ కొట్లో జానీ లీవర్ క్యాసెట్టు పెట్టేవాళ్లంట. "ఆయప్ప మన తెలుగాయనే అని తెలిసినంక, బొంబాయిలో తలెత్తుకోని నడిచినాము" అని చిన్నప్పటినుంచీ నాకు చెప్తానే ఉన్నాడు. నేను ఆ సమీక్షకి జానీ లీవర్‌నే ఎంచుకున్నది కూడా అందుకే. పెద్దనాయనకి నచ్చుతుందనుకున్నా.

చదవడం అయిపోయినంక ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఏమిరా, ఆయప్పకి చదువు లేదని ఎగతాళి చేస్తాండావా?" అన్నాడు.

"కాదు పెద్దనాయనా, ఇది జోకు. అట్ల అనేవాళ్ల మీద జోకు."

"అట్ల అనేవాళ్లు యాడుండారు ఈడ? నువ్వే కదరా అంటాండేది. చదువు నాకూ లేదు. నన్ను గూడా రాయి మల్ల."

నేను చాలాసేపు వివరించినా. ఒక సంగతి మీకూ తెలిసే ఉంటుంది, వివరిస్తే జోకు బతకదు. ఎంత వివరిస్తే అంత సంజాయిషీ మాదిరి అయింది.

కానీ ఆయన మాటలో ఉన్న పాయింటు టెక్నికల్‌గా కరెక్టు. "అట్ల అనేవాళ్లు యాడుండారు ఈడ?" మన హాలులో ప్లేస్‌మెంట్ కటాఫ్ అందరి నెత్తి మీదా కూర్చుని ఉంది. కాబట్టి ఆ వాక్యం ఎవరి వైపు చూపిస్తుందో అందరికీ తెలుసు. మా అరుగు మీద కటాఫ్ లేదు. ఉన్నది ఇంజనీరింగ్ చదివే ఒక పిల్లోడు, బడి మానేసిన ఒక పెద్దాయన. వాక్యం ఎవరో ఒకరి వైపు చూపించాలి కదా, ఆయన వైపు చూపించింది. సీ లాంగ్వేజిలో పాయింటర్ డిక్లేర్ చేసి అడ్రస్ ఇవ్వకపోతే అది మెమరీలో ఎక్కడికి పోతుందో తెలీదు. ల్యాబ్‌లో అయితే ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది, అంతే.

మన డిపార్ట్‌మెంట్ వాళ్లకి నచ్చే చరిత్ర ఒకటి దొరికింది ఇక్కడ. 1982లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ వాళ్లు తమ ఆన్‌లైన్ నోటీసు బోర్డు మీద ఒక ఫిజిక్స్ ప్రశ్న వేసుకున్నారు. కిందికి పడిపోతున్న లిఫ్టులో పాదరసం బొట్టు ఏమవుతుంది అని. ఒకాయన దాని మీద చమత్కారంగా, లిఫ్టులో పాదరసం ఒలికింది జాగ్రత్త అన్నట్టు, అచ్చం సేఫ్టీ నోటీసు భాషలో రాసినాడు. ముందు సంభాషణ చదవనివాళ్లు నిజమనుకున్నారు. దాంతో జోకుకి ఏదైనా గుర్తు పెట్టాలి అని చర్చ మొదలైంది. సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, జోకు అయితే కోలన్, హైఫన్, బ్రాకెట్ పెట్టండి, తల పక్కకి వాల్చి చదవండి అని రాసినాడు. జోకు కానిదానికి బ్రాకెట్ తిరగేయమన్నాడు. మనం రోజూ వాట్సాప్‌లో పంపే మొహాలన్నిటికీ ముత్తాత అదే. అంటే స్మైలీ పుట్టిందే ఒక డెడ్‌పాన్ జోకు కొందరికి అందకపోవడం వల్ల. తర్వాత 2005లో నేథన్ పో అనే ఆయన, స్మైలీ లేకపోతే మూర్ఖవాదానికీ దాని పేరడీకీ తేడా పట్టుకోలేం అన్నాడు. అది పో సూత్రం అయింది.

మరి నా కాగితం చివర ఒక స్మైలీ పెట్టి ఉంటే సరిపోయేదా? సరిపోదు. "ఇప్పుడు నవ్వండి" అని బోర్డు పెడితే డెడ్‌పాన్ చచ్చిపోతుంది. టీవీ కామెడీ షోలలో జడ్జి పడిపడి నవ్వుతుంటే మనకి నవ్వు రావడం ఆగిపోతుంది కదా, అట్ల. గుర్తు ఉండాలి, కానీ వెతుక్కునేటట్టు ఉండాలి.

ఇది బాగా తెలిసినవాడు తుపాకి రాముడు. తెలంగాణ వాళ్లు లత్కోర్ సాబ్ అంటారు, పిట్టల దొర అని కూడా అంటారు. నేను ఒక్కసారే చూసినా, ఆరేళ్లప్పుడు, ఊర్లో. చిరిగిన ఖాకీ నిక్కరు, అతుకుల కోటు, తలమీద దొర టోపీ, చేతిలో కట్టె తుపాకి. తెల్లదొరల కాలం నాటి వేషం. అరుగు ముందర అటెన్షన్‌లో నిలబడి, ప్రపంచంలోని ఆస్తులన్నీ తనవే అన్నట్టు మాట్లాడతాడు. నవ్వడు. ఆయన మాటలు నాకు గుర్తులేవు, ధోరణి గుర్తుంది. మా ఊరికి రెండు సముద్రాలు రాసిచ్చినట్టు, ఒకటి ఉప్పగా ఉంటుంది కాబట్టి రేపు పొద్దున్నే చక్కెర కలిపి ఎడ్లబండిలో పంపుతున్నట్టు, రసీదు మాత్రం ఇప్పుడే కావాలన్నట్టు ఉంటుంది ఆ ధోరణి. తాగేనీళ్లకి బిందెలు వరసపెట్టే ఊర్లో ఆ మాట. జనం పొట్ట పట్టుకొని నవ్వినారు. మా పెద్దనాయన అందరికంటే గట్టిగా నవ్వినాడు.

చూడండి, ఇది కూడా డెడ్‌పాన్ పేరడీనే. దొర భాష, దొర దర్జా. అదే పెద్దనాయన దీనికి నవ్వినాడు, నాకు నవ్వలేదు. కాబట్టి "ఊర్లోవాళ్లకి సెటైర్ అర్థం కాదు" అని మనవాళ్లు అనే మాట ఉత్తిది. నేను కూడా హాస్టల్‌కి తిరిగొచ్చిన రోజు ఫ్రెండ్స్‌తో అదే అన్నా. ఆ మాట వాపసు తీసుకుంటున్నా.

తేడా వేషంలో ఉంది. తుపాకి రాముడి నోరు అబద్ధం చెప్తుంటే, నిక్కరుకున్న చిరుగు నిజం చెప్తా ఉంటుంది. రెండూ ఒకేసారి కనపడతాయి. ఎవరూ స్మైలీ పెట్టక్కర్లేదు. నేను ఇస్త్రీ షర్టు వేసుకొని ఇస్త్రీ మాటలు చదివినా. చిరుగు ఎక్కడా లేదు.

సినిమాలో ఈ లెక్క బాగా తెలిసినవాళ్లు సంపూర్ణేశ్ బాబు టీమ్. 2014లో విడుదలైన 'హృదయ కాలేయం' పోస్టర్లు వచ్చినప్పుడు చాలామంది ఇది నిజంగా హీరో అవుదామని వచ్చిన ఎవరో అమాయకుడి సినిమా అనుకున్నారంట. రాజమౌళి గారు ట్విట్టర్‌లో దాని గురించి రాసేసరికి ఊరంతా తెలిసింది. సంపూర్ణేశ్ ఒక్క ఫ్రేములో కూడా "ఊరికే అంటున్నా" అన్నట్టు చూడడు. కానీ చిరుగులు ఉన్నాయి. దర్శకుడి పేరు స్టీవెన్ శంకర్ అని వేసుకున్నారు, అసలు ఆయన సాయి రాజేశ్. 2019లో 'కొబ్బరి మట్ట'కి వచ్చేసరికి మూడు పాత్రల పేర్లు పెదరాయుడు, పాపారాయుడు, ఆండ్రాయిడు. మూడో పేరు దగ్గర కూడా అనుమానం రాకపోతే ఇక ఆ ప్రేక్షకుడిని దేవుడే కాపాడాలి. నా అభిప్రాయంలో ఆ సినిమాలు హీరోలని ఎగతాళి చేయలేదు, హీరోని చూసేటప్పుడు మనం దేనికి ఈలలు వేస్తామో దాన్ని చూపించినాయి. అందుకే హీరోల అభిమానులు కూడా నవ్వినారు.

సాహిత్యంలో అయితే జరుక్ శాస్త్రి గారు (1914-1968). పేరడీ శాస్త్రి అనే పిలిచేవాళ్లు. శ్రీశ్రీ కవితలకి ఆయన రాసిన పేరడీలు ప్రసిద్ధం. ఇక్కడ నా కథ చెప్తే నవ్వుతారు. నేను 'మహాప్రస్థానం' చదవకముందే జరుక్ శాస్త్రి పేరడీ ఒకటి చదివినా, ఎవరో ఫార్వర్డ్ చేస్తే. అది వంటింటి మీద రాసిన సీరియస్ కవిత అనుకున్నా. బాగుంది, కొంచెం ఆవేశం ఎక్కువైంది అని రిప్లై కూడా పెట్టినా. అసలు కవిత తర్వాత ఎప్పుడో చదివినా. ఆ రోజు గుర్తు అందనిది నాకు. ఎవరూ నన్ను ఊరోడు అనలేదు, చదువుకోనోడు అనలేదు. "శ్రీశ్రీని చదువు తమ్ముడూ" అన్నారు, అంతే.

ఒక కమెడియన్ మీద గంభీరంగా దొంగ విమర్శ రాస్తే వినేవాళ్లలో నాకు కనపడింది మూడు రకాలు. మొదటివాళ్లు నమ్మి నోట్సు రాసుకుంటారు. రెండోవాళ్లు నమ్మి కోపం తెచ్చుకుంటారు, వీళ్లు సాధారణంగా ఆ కమెడియన్‌ని బాగా ప్రేమించేవాళ్లు. మూడోవాళ్లు నవ్వుతారు. మనం రెండోవాళ్లని "హ్యూమర్ లేదు" అని కొట్టేస్తాం. కానీ జానీ లీవర్ ఏడో తరగతిలో బడి ఎందుకు మానేసినాడో ఆ ముగ్గురిలో నిజంగా తెలిసినవాడు రెండోవాడే. నవ్విన మనకి అది వికీపీడియాలో ఒక లైను.

ఉగాదికి మళ్లీ ఊరికి పోయినా. ఈసారి కాగితం మార్చినా. విమర్శకుణ్ణి తీసేసి ఒక కంపెనీ హెచ్‌ఆర్ ఆఫీసర్‌ని పెట్టినా. జానీ లీవర్ నవ్వించే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చినట్టు, ఆఫీసర్ ప్రశ్నలు అడిగినట్టు. మెడకి మా అన్న పెళ్లినాటి టై కట్టుకున్నా, కింద లుంగీ అట్లే ఉంచుకున్నా. ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, కాలు మీద కాలేసి, "నెక్స్ట్ క్యాండిడేట్" అన్నా. పక్కింటోళ్లు కూడా వచ్చి నిలబడినారు. ఏడో తరగతి వాక్యం మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అక్కడికి వచ్చేసరికి నా గొంతు ఆరిపోయింది.

పెద్దనాయన నవ్వినాడు. నేను అనుకున్న చోట కాదు, దానికి ముందే, టై చూసి. ఏడో తరగతి దగ్గర చిన్నగా తల ఊపినాడు. అంతా అయినంక అడిగినాడు:

"ఇంతకీ ఆయప్పని తీసుకుంటివా లేదా ఉద్యోగంలోకి?"

"లేదు పెద్దనాయనా. రిజెక్టెడ్."

"మంచి పని చేసినావు. తీసుకోనింటే ఇంగా సబ్బులే చేస్తా ఉండు."

ఈ వాక్యం నేను రాసినవాటన్నిటికంటే బాగుందని సమీక్ష కొత్త కాపీ చివర చేర్చినా. పేరు వేయమంటావా అని అడిగితే, వద్దు, మార్కులు తగ్గిస్తారేమో అన్నాడు. జోకు చేసినాడో, నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. మొహంలో ఏమీ కనపడలేదు.